కట్ట మీద ఐసు

ఎండ రావాలట. చేప లేవాలంటే ఎండ రావాలట. చలికాలం చివర్లో చేప చెరువు అడుగు బురదకు అతుక్కుని పడుకుంటుందనీ, పొద్దెక్కి పైనీళ్లు కాస్త వెచ్చబడితే గానీ పైకి రాదనీ, అప్పటిదాకా వల లాగితే నాచూ నత్తగుల్లలూ తప్ప ఏమీ రావనీ ఆజంకు ఒకరు చెప్పాలా? మీసం రాకముందు నుంచి ఈ జెల్లల చెరువు కట్టకు వస్తున్నాడు. తెలుసు. తెలుసు కాబట్టే ఒళ్లు మండుతోంది. తూము రాయి పక్కన ఊక పరిచి, గడ్డ మీద గడ్డ పేర్చి, పైన గోనెసంచులు కప్పి తెల్లవారకముందే దింపిన ఐసు అతని కాళ్ల దగ్గరే ఉంది. సంచుల కింది నుంచి సన్నటి నీటి చార బయటికొచ్చి, మట్టిలో దారి వెతుక్కుంటూ చెరువు వైపు పోతోంది. చేపను లేపే ఎండే ఐసునూ కరిగిస్తుంది. బొజ్జయ్యకు లాభం చేసే ఎండ ఆజంకు నష్టం చేస్తుంది. ఆ సంగతి బొజ్జయ్యకూ తెలుసు. అయినా మత్స్య సంఘం పెద్ద కదా, దుప్పటి కప్పుకుని బీడీ కాలుస్తూ నీళ్ల వైపొకసారి, కట్ట కింద తన వాడ వైపొకసారి చూస్తాడు తప్ప వల దింపమని మనుషులకు చెప్పడు. అడిగితే ఇంకొంచెం ఆగు సేటూ అంటాడు. ఇంకొంచెం. ఆగడం మనుషులకు చేతనవును గానీ ఐసుకు చేతనవుతుందా?

పైగా ఆ చప్పుడు. కట్ట అటు కొసన జావీద్ లారీ ఆగి ఉంది. దాని మీద నీలం రంగు ప్లాస్టిక్ ట్యాంకులు, ట్యాంకుల్లో నీళ్లు, నీళ్లలోకి గాలి కొట్టే మోటారు, బుడబుడ బుడబుడ, తెల్లారినప్పటి నుంచి ఆగకుండా. ఇంకా ఒక్క చేప కూడా పడలేదు, ఖాళీ నీళ్లకు గాలి ఎందుకురా? ఎందుకంటే నాకు వినబడాలని. బతికున్న చేపను బతికున్నట్టే ఖమ్మం తీసుకపోతా, నాకు ఐసుతో పని లేదు అని వాడు నోటితో చెప్పడు, మోటారుతో చెప్పిస్తాడు. సొంత తమ్ముడు. ఐసు ఎట్లా పగలగొట్టాలో, చేప చెవి ఎత్తి ఎరుపు ఎట్లా చూడాలో, కాటా ముల్లు మీద ఎవడి వేలు ఎప్పుడు పడుతుందో అన్నీ ఎవరు నేర్పారు వాడికి? ఇప్పుడు అవే కళ్లతో ఈ సంచుల కింద నీటి చారను అంత దూరం నుంచి కొలుస్తున్నాడు. లారీ డోరు తెరిచి, కాళ్లు బయటికి వేలాడేసి కూర్చుని, గ్లాసులో చాయ్ ఊదుకుంటూ. వాడికి తొందర లేదు. ఈ కట్ట ఆచారం వాడికీ తెలుసు మరి.

ఈ చెరువుకు కాగితం ఉండదు, అడ్వాన్సు ఉండదు. తూము రాయి దగ్గర ఎవరి ఐసు ముందు దిగితే ఆ పొద్దు వల, వలలో పడ్డ చేప వాళ్లది. వల పడేలోపు ఆ ఐసు కరిగిపోయినా, దింపినవాడే లేపుకుపోయినా, వల ఎవరికైనా పోవచ్చు. ఈ ఆచారం పెట్టింది భారతమ్మ, బొజ్జయ్య తల్లి. అప్పట్లో బేరగాళ్లు వస్తామని కబురు చెప్పి రాకపోయేవాళ్లు, పట్టిన బొచ్చె చేపలు కట్ట మీదే ఉబ్బిపోయేవి. అబ్బాజాన్ మొదటిసారి సైకిలు మీద వచ్చి, నేను ఖాయంగా కొంటా అంటే భారతమ్మ నవ్విందట. నీ మాట ఎవనికి కావాలె సాయిబూ, నీదేదన్న కరిగేది ఇక్కడ దింపు, అప్పుడు నమ్ముతం అందట. అబ్బాజాన్ ఆ కథ చెప్పినప్పుడల్లా ఆమె చెయ్యి నడుము మీద పెట్టిన తీరు కూడా చేసి చూపేవాడు. నిజమే, మనిషిని కట్టేయాలంటే వాడి కరిగే సరుకును కట్టేయాలి. బేరం తెలిసిన ఆడది. పొద్దున రాగానే బొజ్జయ్య చెప్పాడు, అమ్మకు మంచిగ లేదు సేటూ, రాత్రి నుంచి గొంతులోకి నీళ్లు కూడ దిగుతలేవు అని. ఆజం అట్లనా అన్నాడు. అని, ఊక సరిగ్గా పరిచారా లేదా అని వంగి చూసుకున్నాడు. ముసలామె. వయసైంది. ఏం చేస్తాం. కానీ దాని కోసమేనా ఈ ఆగడం? తల్లికి బాగా లేదని వల ఆపుతున్నాడా, లేక ఎండ పేరు చెప్పి ఐసు కరిగేదాకా ఆపమని జావీద్ వీడి చెవిలో ఊదాడా? రాత్రి వీళ్లిద్దరూ మాట్లాడుకున్నారేమో. అశ్వారావుపేటలో ఏ చాయ్ కొట్టు దగ్గరో. మాట్లాడుకునే ఉంటారు. లోకమంతటితో మాట్లాడతాడు వాడు, ఒక్క నాతో తప్ప.

ఒక్క నాతో తప్ప. దగ్గరి చుట్టం తబస్సుం కూతురి పెళ్లిలో భోజనాలకు ఒకే దస్తర్‌ఖాన్ గుడ్డ ముందు కూర్చోబెట్టారు ఇద్దరినీ. ఉప్పు అందుకోవాలంటే పక్కవాడితో చెప్పించాడు, భాయ్‌ని అటు జరపమను అని కూడా అనలేదు, వాళ్లను జరపమను అన్నాడు. వాళ్లను. ఒకే కడుపున పుట్టి, ఒకే ఐసు గడ్డకు చెరో వైపు చేతులేసి పెరిగితే, చివరికి వాళ్లు. సత్తుపల్లిలో అబ్బాజాన్ పెట్టిన చిన్న ఐసు ఫ్యాక్టరీలో గడ్డ మోయడం ఇద్దరి పని. దానికో పద్ధతి ఉండేది. గోనెసంచి ఉయ్యాలలా పట్టి మధ్యలో గడ్డ పెట్టుకుని, పెద్దవాడు వెనక్కి నడవాలి, చిన్నవాడు ముందుకు నడవాలి. వెనక్కి నడిచేవాడికి నేల కనపడదు. చిన్నవాడి కళ్లే పెద్దవాడి కాళ్లు. మెట్టు, రాయి, ఎడమ, ఆగు, దించు, అంతకుమించి మాట్లాడకూడదు, మాట్లాడితే పట్టు జారుతుంది. ఆజం ఎప్పుడూ వెనక్కే నడిచాడు. తిరిగి చూడకూడదని అబ్బాజాన్ చెప్పాడు, చూస్తే గడ్డ ఒరిగి కాళ్ల మీద పడుతుంది. ఎన్ని లారీలు నింపారో అట్లా. ఒక్కసారి, ఒక్క మెట్టు దగ్గరైనా వాడు పిలవడం మర్చిపోయాడా? లేదు. ఆ లెక్క ఆ లెక్కే. దానికింత చోటు పక్కన పెట్టుకున్నాడు ఆజం ఇప్పటికీ. అందుకే ఇంకా ఎక్కువ మంట.

అమ్మీ పోయిన రోజు వాడు జగదల్‌పూర్ నుంచి ఖాళీ వ్యానుతో తిరిగొస్తున్నాడు. ఎండలు దంచుతున్న రోజులు. ఆజం ఫోను చేశాడు, చేశాడు, చేశాడు. చింతూరు అవతల అడవిలో ఎక్కడ సిగ్నల్ ఉంటుంది? మసీదు పెద్దలు ఆలస్యం మంచిది కాదన్నారు. జనం వాకిట్లో నిండారు. పొద్దు వాలే అసర్ నమాజు దాకా ఆపాడు, ఇక ఆపలేదు. మాపటికి వాడు వచ్చాడు, ఇంటికి కాదు, నేరుగా కబ్రస్తాన్‌కు. మట్టి మీద చల్లిన నీళ్లు ఇంకా ఆరలేదు. మోకాళ్ల మీద కూర్చున్నాడు, లేచాడు, అందరి ముందూ అన్నాడు. ఫ్యాక్టరీ నిండా ఐసు ఉంది కదా భాయ్, చేపల కోసం దినాం దింపుతవు, అమ్మీ కోసం రెండు గడ్డలు దొరకలేదా? నేను వచ్చేదాకా ఒక్క పూట ఉంచలేకపోయినవా? అంతే. అదే ఆఖరు మాట. ఆ తర్వాత మనుషులతో వాటా అడిగించాడు, తీసుకున్నాడు, ఈ ట్యాంకుల లారీ కొన్నాడు, ఇక నా చేత్తో ఐసు ముట్టను అని ఊరంతా చెప్పాడు. మూడేళ్లు. మంచిది, ముట్టకు. ఎవడికి నష్టం?

దొరకలేదా అంటాడు. దొరకక కాదురా గాడిద. ఆ మధ్యాహ్నం అమ్మీని ఆడవాళ్లకు అప్పగించి ఆజం ఫ్యాక్టరీకే పోయాడు. ఎవరికీ చెప్పకుండా పోయాడు. అచ్చుల్లోంచి ఒక గడ్డ తీయించాడు, రెండు చేతులతో పట్టుకున్నాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చేప. గదంతా చేప, గోడలు చేప, నీళ్లు చేప, ఎంత కడిగినా పోని చేప. అమ్మీ బతుకంతా ఆ వాసనతో కొట్లాడింది. నిమ్మ తొక్కలతో, శనగపిండితో, వేడి బూడిదతో చేతులు రుద్దుకునేది, రుద్ది రుద్ది గీతలు కూడా అరిగిపోయాయనేది. ఒక దావత్‌లో పక్కన కూర్చున్న ఆమె దుప్పట్టా ముక్కుకు అడ్డం పెట్టుకుని జరిగి కూర్చుంది. ఇంటికొచ్చాక అమ్మీ ఏడవలేదు. ఆజంను వంటింట్లోకి పిలిచి చెప్పింది, నన్ను కడిగేటప్పుడు మంచిగా కడగమను బేటా, ఈ వాసనతో పంపకండి నన్ను. ఒక్క ఆజంకే చెప్పింది. వాడికి చెప్పలేదు, వాడు అప్పుడు లోడుతో ఎక్కడో ఉన్నాడు. మరి ఆ గడ్డలు తెచ్చి అమ్మీ పక్కన ఎట్లా పెట్టాలి? అచ్చులోనే వదిలేసి వచ్చాడు. వచ్చి, పదండి లేపుదాం అన్నాడు. ఈ మాట కబ్రస్తాన్‌లోనే వాడి ముఖాన కొట్టి ఉండొచ్చు. ఎందుకు చెప్పాలి? పది మందిలో నిలదీసినవాడికి పది మందిలో లెక్క అప్పజెప్పడానికి నేనేమన్నా వాడి గుమాస్తానా? అడగడం రానివాడికి చెప్పేది ఏంది? అట్లా అని నోరు మూసుకున్నాడు. మూసుకున్న నోట్లో ఆ మాట ఇన్నాళ్లూ ఉండి ఉండి చేదెక్కింది.

ఎండ వచ్చింది. అవతలి ఒడ్డున మోదుగుల మీద మొదట, తర్వాత నీళ్ల మీద. తెల్లటి ఆవిరి చిరిగి లేచిపోయింది. థర్మాకోల్ తెప్పల మీద కాళ్లు ముడుచుకు కూర్చున్న మనుషులు దుప్పట్లు విదిలించారు. నీళ్ల మధ్యలో ఒక చుట్టు లేచింది, దాని పక్కన ఇంకోటి, ఆ వెంటనే ఒక బొచ్చె తోక కొట్టిన చప్పుడు కట్ట దాకా వినబడింది. లేచాయి. లేచాయిరా. ఆజం సంచి అంచు ఎత్తి చూశాడు. గడ్డల మూలలు గుండ్రమయ్యాయి, నున్నగా, నాకిన పటికబెల్లంలా. అయినా పరవాలేదు, ఇప్పుడు వల పడితే సరిపోతుంది, చేపకు ఐసు, ఐసుకు చేప, అన్నీ సరిపోతాయి. దింపండి వల, అని అరిచాడు. ఎవరూ కదల్లేదు. అందరి తలలూ ఒకేసారి కట్ట కిందికి తిరిగాయి. అక్కడ, రేకుల ఇళ్ల మధ్య, ఒక ఆడగొంతు లేచింది, దాని మీద ఇంకో గొంతు, తర్వాత అన్నీ కలిసి ఒకే ఏడుపు. బొజ్జయ్య బీడీ పారేశాడు. దుప్పటి భుజం మీద నుంచి జారింది, తీసుకోలేదు. మెట్లు దిగి పరుగెత్తాడు. అతని వెనక ఒక్కొక్కరే తెప్పలు ఒడ్డుకు లాగి, వల అక్కడే పడేసి దిగిపోయారు. అందరూ పాలివాళ్లే. రెండు నిమిషాల్లో కట్ట ఖాళీ. చెరువు నిండా చేపలు లేచి ఆడుతున్నాయి, పట్టేవాడు లేడు.

వాడలో శవం ఉండగా వల తడపరు. అదీ ఆచారమే. భారతమ్మా, ఇంకొక్క గంట ఆగలేకపోయినవా అని అనుకుని, అనుకున్నందుకు ఆజం తనను తాను తిట్టుకున్నాడు, తిట్టుకుంటూనే లెక్క వేశాడు. మనసు చెడ్డది, లెక్క ఆపదు. మధ్యాహ్నంలోపు ఎత్తితే, స్నానాలు చేసి వస్తే, చల్లబడే ముందు ఒక్క వల. నీడ పట్టున పెట్టి ఊక ఎక్కువ పోస్తే సగం ఐసైనా మిగులుతుంది. సగం ఉన్నా ఉన్నట్టే, ఆచారంలో ఎంత ఉండాలో భారతమ్మ చెప్పలేదు. అటు కొసన బుడబుడ ఆగలేదు. జావీద్ మాత్రం చాయ్ గ్లాసు పక్కన పెట్టి దిగాడు. వాడ వైపు చూస్తూ తల మీద టోపీ సర్దుకున్నాడు. చిన్నప్పుడు ఈ కట్ట మీద భారతమ్మ వేయించిన జెల్ల చేపలు టేకాకులో పెట్టి ఇద్దరికీ ఇచ్చేది. ముళ్లు తీసి వాడి నోట్లో పెట్టేది. వాడికి గుర్తుందా? ఉంటుంది. వాడికి అన్నీ గుర్తుంటాయి.

బొజ్జయ్య మళ్లీ మెట్లెక్కి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం సంఘం పెద్ద గొంతే. జావీద్ అతని దగ్గరికి నడిచొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఇప్పుడు ముగ్గురూ తూము రాయి దగ్గర, ఐసు చుట్టూ. బొజ్జయ్య చెప్పింది ఇది. తమ్ముడు బలరాం బోరు లారీ మీద రాయపూర్ దాటి ఎక్కడో ఉన్నాడు. బయలుదేరాడు. రేపు పొద్దుటికి గానీ రాడు. చిన్నకొడుకు చూడకుండా ఎత్తనని తనకు తాను మాట ఇచ్చుకున్నాడు. ఫ్రీజర్ పెట్టె కోసం ఫోను చేస్తే ఉన్న ఒక్కటీ వేరే ఊరికి పోయింది, వచ్చినా పెట్టడానికి కరెంటు లేదు, లైను పని అని పొద్దున్నే తీసేశారు. చెప్పి, కళ్లు గోనెసంచుల మీదికి దించాడు.

"అడగొద్దు సేటూ. అడిగే మాట కాదు. లేపితే నీ వల పోతది, నాకు ఎరికే. అయినా అడుగుతున్న."

ఆజంకు అరికాలి నుంచి లేచింది కోపం. నా దగ్గరే దొరికిందా? ఇవ్వనంటే వీళ్లు మధ్యాహ్నానికి ఎత్తక తప్పదు, సాయంత్రం వల నాది. ఇస్తే శవం ఉంటుంది, వల ఉండదు, రేపు ఈ ట్యాంకుల వాడు నవ్వుతూ నింపుకుపోతాడు. లెక్క ఎంత సులువుగా ఉందో. పసివాడు కూడా చేస్తాడు. వాడి ముందే అడగాలా? వాడి ముందు అడిగాక ఇస్తే ఏమవుతుంది, ఇవ్వకపోతే ఏమవుతుంది? ఊరివాళ్ల తల్లికి ఇచ్చిండు చూడు అంటాడు. ఎవరి తల్లికైనా ఇంతే చూడు అంటాడు. రెండు వైపులా వాడిదే గెలుపు. ఏ సాకూ దొరకక ఆజం నోటికి వచ్చిన మాట వచ్చినట్టే అన్నాడు.

"చేపల ఐసు అది బొజ్జయ్యా. వాసనొస్తది."

బొజ్జయ్య ఒక్క క్షణం అర్థం కానట్టు చూశాడు. తర్వాత అతని మూతి ఒక పక్కకు పోయింది, నవ్వో ఏడుపో.

"మా అమ్మకు చేపల వాసన కొత్తనా సేటూ? పొద్దుగాల లేచి గంప ఎత్తుకుంటే అదే ఆమె సెంటు."

"మా అమ్మీకి పడకపోయేది," అన్నాడు ఆజం. అరిచినట్టే అన్నాడు. బొజ్జయ్యతో అంటూ బొజ్జయ్య వైపు చూడలేదు. "పోయేటప్పుడన్న ఆ వాసన లేకుండ పంపమన్నది నాతోని. గడ్డ చేతుల పట్టుకొని వాసన చూసి మళ్ల అచ్చుల పెట్టొచ్చిన. దొరకక కాదు."

కింద నుంచి ఎవరో బొజ్జయ్యను పిలిచారు. పెద్దకొడుకు ఉండాలి, స్నానం పోయాలి. నీ ఇష్టం సేటూ, నువ్వేమన్నా నేను ఏమనుకోను అని బొజ్జయ్య దిగిపోయాడు. కట్ట మీద ఇద్దరే మిగిలారు. ఆజం చెరువు వైపు తిరిగి నిలబడ్డాడు. వెనక అడుగుల చప్పుడు లారీ వైపు పోయింది. చేపలు, చేపలు, ఎక్కడ చూసినా చుట్లు. ఛీ, ఏం బతుకు. మనిషి జీవితమంతా తూకం వేసుకుంటూ వస్తాడు, చివరికి కాటా మీద పెట్టాల్సింది ఒకటి వస్తుంది, దానికి రాయి దొరకదు. చెప్పకుండా ఉండాల్సింది. ఇన్నాళ్లు ఉన్నదాన్ని ఇంకా ఉంచుకోవాల్సింది. వినాల్సినవాడు విన్నాడో లేదో కూడా తెలియదు, ఆ మోటారు చప్పుడులో. విననీ, వినకపోనీ. నేనేమన్నా వాడి కోసం చెప్పానా?

వంగి గోనెసంచులు లాగి పారేశాడు. ఎండ గడ్డల మీద పడి కళ్లలో పొడిచింది. పై గడ్డ కింద సంచి దూర్చి, రెండు అంచులూ ఒక చేతికి చుట్టి లేపబోయాడు. లేవలేదు. ఇంత కరిగీ ఇంకా ఇంత బరువు. మళ్లీ లేపాడు, ఊకలో మోకాలు జారింది. బండి పోదు, మెట్ల దారి, కింద కాలువ మీద ఒక్క బండపరుపు. మనుషులందరూ ఆ ఏడుపులో ఉన్నారు. ఎవరిని పిలవాలి? పిలవను. ఈడ్చుకుంటూ అయినా నేనే పోతా, పగిలితే ముక్కలు మోస్తా, నేనే పోతా. మూడోసారి లేపుతుంటే ఏదో లోటు అనిపించింది. ఏంటా అని ఆగి విన్నాడు. బుడబుడ లేదు. మోటారు ఆగింది.

సంచి అవతలి అంచు మీద రెండు చేతులు పడ్డాయి. ఐసు ముట్టనన్న చేతులు. వేళ్ల మీద చేప రెక్కలు గీరిన పాత మచ్చలు, అందులో ఒక మచ్చకు పసుపు పెట్టి కట్టు కట్టింది ఆజమే. తలెత్తి ముఖం చూడలేదు. చూస్తే ఏమంటాడో తనకే తెలియదు, తిడతాడేమో, ఇంకా చాలా తిట్లు ఉన్నాయి లోపల, ఒక్కటీ కరగలేదు. గడ్డ లేచింది. ఎప్పటిలాగే, ఎవరూ చెప్పకుండానే, ఆజం వెనక్కి నడిచే పెద్దవాడయ్యాడు, వీపు వాడ వైపు, మెట్ల వైపు. ఒక అడుగు వేశాడు. ఐసు చల్లదనం సంచిలోంచి వేళ్లకు ఎక్కింది. నీళ్లు ఇద్దరి కాళ్ల మధ్య కారుతున్నాయి. ఇంకో అడుగు. కట్ట అంచు ఎక్కడుంది? దగ్గరే ఉండాలి. పాత రాతి మెట్లు, ఒకటి ఎత్తు ఒకటి పల్లం, నాచు పట్టినవి. తిరిగి చూడకూడదు. అటు చూడకుండా నడవాలంటే ఎదుటివాడు నోరు తెరవాలి. తెరుస్తాడా? పంతం వాడికీ ఉంది, మన రక్తమే కదా. తెరవకపోతే పడతా, గడ్డ కాళ్ల మీద పడుతుంది, పడనీ, అప్పుడు లెక్క తేలిపోతుంది. కోపంతో పళ్లు బిగించి, మడమ గాలిలోకి చాపి నేల కోసం వెతికాడు.

"మెట్టు," అన్నాడు జావీద్. మళ్లీ అన్నాడు. "మెట్టు, భాయ్."